కుడికి తిప్పితే ఎడమకు పోయిన పెళ్ళికారు

ఆ రోజుల్లో మాకు రాని పని ఒకటి ఉంటుందన్న సంగతే మాకు తెలియదు. ఇరవై దాటీ దాటని వయసు. చేతిలో వెల్డింగ్ రాడ్డు, ఎదురుగా ఇనుము, వెనకాల అదుపు చేసే పెద్దమనిషి లేకపోవడం ఒకచోట కలిస్తే మనిషి ఏమైనా చేస్తాడు. మేం కారు చేశాం. (కొన్నాం అనలేదు, చేశాం అన్నాను. కొనేవాళ్ళు కాస్త ఆలోచిస్తారు. మాకు ఆ ఇబ్బంది లేదు.) ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది కానీ, అప్పుడు మాత్రం ఆ కారు పూర్తయ్యాక ఇంకేం చేద్దామా, విమానం ఏమైనా కష్టమా అని కూడా మాట్లాడుకున్నాం.

మరిపెడలో మెయిన్ రోడ్డు మీద మా మేనమామకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. కిటికీ గ్రిల్స్, గేట్లు, ట్రాక్టర్ ట్రాలీల మరమ్మతు. ఐటీఐ అయిపోయాక నేను అక్కడే పనికి కుదిరాను. మామ కొడుకు నాకంటే రెండేళ్ళు పెద్ద, వరసకు బావ. ఊరంతా అతన్ని 'తోపు' అనే పిలిచేది. ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు. "మనం తోపు రా" అని రోజూ తనే అనుకుంటూ ఉంటే విని విని జనం సరే కానిమ్మని ఒప్పేసుకున్నారు. ఆ తోపు బావకు నర్సింహులపేట దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళి కుదిరింది. పిల్ల తండ్రికి ట్రాక్టరు ఉంది. ఆ ట్రాక్టరును తండ్రి కంటే పిల్లే బాగా నడుపుతుందని ఆ చుట్టుపక్కల పేరు. చూపులనాడు ఆ పెద్దాయన మా బావను పైనుంచి కిందికి చూసి, "కిటికీలు తలుపులేనా, ఇంకేమన్న వస్తదా పిలగానికి?" అని అడిగాడు. అంతే. ఆ ఒక్క మాట మా బావ గుండెలో ఇనుప చువ్వలాగా దిగబడిపోయింది.

నిశ్చయమైన దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకరోజు నేను గేటుకు రంగు వేస్తుంటే బావ పక్కనే నిలబడి ఆ పిల్లతో అంటున్నాడు, "అందరి లెక్క కిరాయి కార్ల రాను నేను. నా చేతుల్తోని చేసిన కార్ల వస్త. జనగామ నుంచి భూపాలపల్లి దాక అసొంటి బండి ఎవ్వని దగ్గర ఉండది." అవతలి నుంచి ఆ అమ్మాయి ఏమందో వినబడలేదు గానీ బావ మొహం కాస్త పాలిపోయింది. ఫోను పెట్టేశాక అడిగాను. "రాకుంటె ఏం జేస్తవ్ అంటుందిరా. రాకుంటె నేనే ట్రాక్టరేసుకొని వచ్చి ఎత్తుకపోత అంటుంది," అన్నాడు. అప్పుడు ఆలోచించాల్సింది. ఆలోచించకుండా ఇద్దరం చేతులు కలిపాం.

దేవుడు కూడా మా వైపే ఉన్నట్టు, సరిగ్గా అప్పుడే మామకు మహదేవపూర్ దిక్కు ప్రాజెక్టు పనుల దగ్గర ఎవరో మేస్త్రీ కింద వెల్డింగ్ పని దొరికింది. పెళ్ళి దాకా అక్కడే. పోతూ పోతూ, "గ్రిల్స్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు" అని చెప్పి పోయాడు. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. "ఏం జేస్తున్నర్రా?" "గ్రిల్లు చేస్తున్నం మామా." "ఏ గ్రిల్లు?" "ముందటి గ్రిల్లు మామా." అబద్ధం కాదు. ఆ వారమంతా మేం కారు ముందటి గ్రిల్లే చేస్తున్నాం.

కారు అంటే అసలు అది ఒక ముసలి జీపు. రైసు మిల్లు వెనకాల తుప్పు పట్టి పడి ఉంటే, మిల్లుకు షట్టరు బాగుచేసిన దానికి బదులుగా ఇంజను సహా ఇప్పించుకున్నాం. పైనున్నదంతా కోసి పారేసి, బీరువాలు చేసే రేకుతో కొత్త ఒళ్ళు కట్టాం. మా బావకు ఒకటే పట్టుదల: ముక్కు పొడుగుండాలి. "ముక్కు ముందుగాల రావాలె. అందరు చూసినంక పెండ్లికొడుకు రావాలె," అనేవాడు. అందుకని డ్రైవరు సీటును బాగా వెనక్కి జరిపాం. తీరా జరిపాక చూస్తే స్టీరింగు చక్రం వెనకాల ఉంది, చక్రాలను తిప్పే స్టీరింగ్ పెట్టె ఎక్కడో ముందర ఉంది, మధ్యలో ఇంజను అడ్డంగా కూర్చుని ఉంది. రెండింటినీ కలిపే షాఫ్టు చాలదు, చాలినా తిన్నగా పోదు. ఇంజను పక్కనుంచి కాస్త వంగి పోవాలి. ఇలాంటి చోట వంగుతూ తిరిగే జాయింట్లు రెండు వేసి, మధ్యలో ఇంకో షాఫ్టు ముక్క వెల్డింగ్ చేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పాను కూడా.

"జాయింట్లు మరిపెడల యాడ దొరుకుతయ్? దానికోసం జనగామ పోవాలె, తిరగాలె," అని విసుక్కున్నాడు బావ. షెడ్డు మూలన పాత గడ్డి కోసే మిషను ఒకటి ఉంది. దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళలో ఆ మెరుపు ఎప్పుడు వచ్చినా మాకు ఏదో ఒకటి కాలేది. "వంగుడెందుకురా? పక్కకు జరుపుదాం," అన్నాడు. ఆ మిషనులోంచి ఒకే సైజు పళ్ళచక్రాలు రెండు పీకి, పక్కపక్కన ఒకదానికొకటి ఆనేట్టు పెట్టి, స్టీరింగు నుంచి వచ్చే షాఫ్టును ఒకదానికి, పెట్టెకు పోయే షాఫ్టును రెండోదానికి వెల్డింగ్ చేశాడు. ఇది తిరిగితే అది తిరుగుతుంది. జాకీల మీద బండిని లేపి స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు కదిలాయి. ఇద్దరం ఎగిరి గంతేశాం. చక్రాలు కదలడమే చూశాం గానీ ఎటు కదులుతున్నాయో చూడాలన్న ఊహ ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు.

మర్నాడు పొద్దున్నే ట్రయలు. ఊరి బయట మిర్చి కల్లాలు. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య బండి పట్టేంత దారి. నేను స్టీరింగు పట్టుకున్నాను, బావ పక్కన మహారాజులా కూర్చున్నాడు. బండి కదిలింది. దారి కాస్త కుడికి తిరిగింది. నేనూ కుడికి తిప్పాను. బండి ఎడమకు పోయింది. ఇంకా కుడికి తిప్పాను. ఇంకా ఎడమకు పోయింది. "కుడికిరా, కుడికి!" అని బావ అరుస్తున్నాడు. "కుడికే తిప్పుతున్న!" అని నేను అరుస్తున్నాను. అలా అరుచుకుంటూనే ఇద్దరం పొడుగు ముక్కుతో సహా మిరపకాయల కుప్పలోకి దూరాం. తర్వాత కాసేపు మాటల్లేవు, తుమ్ములే. బావ తుమ్ముతాడు, నేను తుమ్ముతాను, మా తుమ్ములు విని కల్లం యజమానురాలు, ఒక అవ్వ, కర్ర పట్టుకొని వచ్చి తనూ తుమ్మింది.

"ఏంది బిడ్డా, గిట్ల సొచ్చిండ్రు?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"అవ్వా, నేను కుడికి తిప్పిన, అది ఎడమకు పోయింది," అన్నాను ఏడుపు గొంతుతో.

అవ్వ నన్ను జాలిగా చూసింది. "మరి ఎడమకు తిప్పకపోయినవా కొడుకా?"

మేం ఒకరినొకరం చూసుకున్నాం. పక్కపక్కన ఆనుకున్న రెండు చక్రాల్లో ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ముక్క నాకు అప్పుడే, మిరపకాయల్లో కూర్చుని, అర్థమైంది. కానీ మా బావకు అర్థమైంది వేరు. "అవ్వ చెప్పింది కరెక్టేరా! బండిల ఏం ఖరాబు లేదు. మనం నేర్చుకోవాలె, అంతే. ఉల్టా తిప్పుడు అలవాటు జేసుకుంటె అయిపాయె!" అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కూడా అది చాలా గొప్పగా తోచింది. (కుప్పను మళ్ళీ ఎత్తి, ఆరబోసి, అవ్వ చేత తిట్లు తిని ఇంటికి వచ్చేసరికి ఇంకా గొప్పగా తోచింది.)

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే సాధన. మొదట్లో ప్రతి మలుపులో పోరాటమే. తర్వాత తర్వాత చేతులే నేర్చేసుకున్నాయి. కుడికి పోవాలనుకుంటే చాలు, చెయ్యి దానంతటదే ఎడమకు పోయేది. ఇద్దరం కళ్ళు మూసుకొని కూడా నడపగలమన్నంత ధీమా వచ్చింది. ఒక్కటే చిక్కు. ఆ చేతులు వేరే బండ్ల మీద కూడా అదే విద్య చూపించేవి. మా అత్త పాల కోసం పంపిస్తే సైకిలెక్కి సరాసరి మురుగు మోరీలోకి పోయాను. "ఏమైందిరా నీకు, పెండ్లి నీదా వానిదా?" అంది అత్త.

పెళ్ళి ముందురోజు పొద్దున మామ దిగాడు. భుజాన సంచి ఇంకా దించలేదు, షెడ్డులో కారు కనబడింది. ఆరెంజి రంగు, పొడుగు ముక్కు. మామ అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లగా చుట్టూ తిరిగి చూశాడు, ముక్కును అరచేత్తో నిమిరాడు. "రేకు పని మంచిగనే ఉన్నది," అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. తర్వాత ఎక్కి కూర్చుని స్టీరింగు కుడికి తిప్పి, తల బయటపెట్టి చక్రం వైపు చూశాడు. మళ్ళీ ఎడమకు తిప్పి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు.

"ఇది ఎవని తెలివిరా?"

నేను బావను చూపించాను. బావ నన్ను చూపించాడు.

"పర్వాలేదు బాపు, మేం అలవాటు జేసుకున్నం," అన్నాడు బావ వినయంగా.

"రేపు అండ్ల మీ అమ్మ కూసుంటది, నేను కూసుంట. పీకుర్రి!" అన్నాడు మామ. ఆ తర్వాత అన్న మాటలు రాసేవి కావు.

పళ్ళచక్రాలు పీకడం బావ వంతు, జాయింట్లు తేవడం నా వంతు. తొర్రూరులో బస్సు మారి జనగామ పోయాను. పాత సామాన్ల దుకాణాల్లో తిరిగి తిరిగి, ఎవరో విప్పేసిన కారులోంచి తీసిన జాయింట్ల జత ఒకటి సంపాదించాను. చేత్తో పట్టుకొని అన్ని వైపులా వంచి చూశాను. ఊగులాట లేదు, మెత్తగా తిరుగుతున్నాయి. గ్రీజు కారుతున్న సంచీ ఒళ్ళో పెట్టుకొని బస్సులో కూర్చుంటే, పక్క సీటావిడ ముక్కు మూసుకొని, "ఏంది తమ్మీ గది?" అని అడిగింది. "పెండ్లి సామాను అక్కా," అన్నాను. ఆవిడ ఇంకేం అడగకుండా కిటికీ వైపు జరిగింది.

నేను తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఇంటి ముందు పందిట్లో బావను పీట మీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు నలుగు పెడుతున్నారు. మామ షెడ్డులోంచి, "సామాను వచ్చింది, రారా!" అని కేక వేశాడు. బావ లేచి పరుగెత్తాడు. ఒంటినిండా పసుపు, మెడలో పూలదండ, మొహానికి వెల్డింగ్ మాస్కు. అత్త వెనకాలే వచ్చి, "పసుపు పెట్టినంక అగ్గికాడికి పోతారురా ఎవలన్న? ఓ అయ్యా, నువ్వన్న చెప్పరాదా వానికి!" అని మామ మీదికి లేచింది. మామ చెవిన పెట్టలేదు. అతనికి అప్పటికే పని రంధి పట్టింది. షాఫ్టు ముక్కను కొలిచి కోయించాడు. రెండు చివరలా ఉన్న జాయింట్ల చెవులు ఒకే వరసలో ఉండాలని, లేకపోతే స్టీరింగు ఒకచోట వదులుగా ఒకచోట బిగువుగా తిరుగుతుందని, షాఫ్టు పొడుగునా సుద్దముక్కతో గీత గీశాడు. జాయింటు లోపలి బేరింగులు వేడికి పాడవకుండా తడి గోనెసంచి చుట్టాం. ముందు చుక్కలు చుక్కలుగా అంటించి, తిప్పి చూసి, తర్వాత చుట్టూ నిండుగా వెల్డింగ్ చేశాం. మధ్యలో షాఫ్టు ఊగకుండా ఛాసిస్ కు ఒక బేరింగు ఊత. కుడికి తిప్పితే చక్రాలు కుడికి పోయాయి. మామ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. ఒక్కటే పొరపాటు జరిగింది. ఆత్రం కొద్దీ మా బావ మాస్కు పైకెత్తి మంటను ఒకటికి నాలుగుసార్లు ఉత్త కళ్ళతో చూశాడు.

పెళ్ళినాటి పొద్దునకు బావ కళ్ళు దొండపండ్లలా ఉన్నాయి. ధారగా నీళ్ళు. కళ్ళు తెరవలేడు, మూయలేడు. ఇక నడపాల్సింది నేనే. మామకు నడపడం రాదు. (ఆ చుట్టుపక్కల తిరిగే ట్రాలీల్లో సగం ఆయన చేతి పనే, కానీ దేన్నీ నడిపిన పాపాన పోలేదు.) పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా, "కుడికంటే కుడికే. యాదికున్నదా? కుడికే," అని జపం చేశాడు. నేనూ జపం చేశాను. దారి పొడుగునా జనం ఆగి ఆగి మా ముక్కును చూశారు. ఒక్క తప్పు లేకుండా పెళ్ళికూతురి ఊరు చేరాం.

ఊరి మొదట్లోనే ఎదుర్కోళ్ళు. షామియానా, బ్యాండు మేళం, ఒక బల్ల మీద పెద్ద డ్రమ్మునిండా రోజా షర్బత్, వరసగా గ్లాసులు. పిల్ల తండ్రి తెల్ల ధోవతి, తెల్ల చొక్కాతో మధ్యలో నిలబడి ఉన్నాడు. మా కారును చూడగానే ఆయన నోరు తెరుచుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం చెప్పలేను. సరిగ్గా అప్పుడే బ్యాండు గుప్పుమంది, పిల్లలు కేకలేశారు, డాబా మీదనుంచి ఆడపిల్లలు చేతులూపారు. నేను వాళ్ళ వైపు చూశాను. చూసి తల తిప్పేసరికి ఎదురుగా, కాస్త ఎడమన, షర్బత్ బల్ల. బండిని కుడికి తప్పించాలి. జపం మరిచిపోయాను. నా చేతులు మాత్రం మరిచిపోలేదు. మిర్చి కల్లంలో అంత కష్టపడి నేర్చుకున్న విద్యనంతా ఒక్కసారిగా బయటపెట్టి ఠక్కున ఎడమకు తిప్పాయి. ఎంత చక్కగా వెల్డింగ్ చేసిన షాఫ్టు! చెప్పిన మాట తు.చ. తప్పకుండా విని ఎడమకే పోయింది.

నడకవేగమే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ ముందే పక్కకు దూకారు. బల్ల వంగింది, డ్రమ్ము లేచింది, షర్బత్ అంతా మా పొడుగు ముక్కు మీదా, పిల్ల తండ్రి తెల్ల ధోవతి మీదా, కారు దిగబోతున్న పెళ్ళికొడుకు మీదా పడింది. బ్యాండు ఆగిపోయింది. నా పక్కన మామ కళ్ళు మూసుకొని, "కుడికి అంటె కుడికేరా," అని ఇంకా అంటూనే ఉన్నాడు. మా పని అయిపోయింది, పెళ్ళి ఇక్కడితో ఆగిపోతుంది అనుకున్నాను. పెద్దాయన ధోవతి దులుపుకుంటూ కోపంగా ముందుకు వచ్చాడు. వచ్చి, మా బావ మొహం చూసి ఆగిపోయాడు. ఎర్రటి కళ్ళు, చెంపల మీదుగా ధారలు. వెల్డింగ్ మంట సంగతి ఆయనకేం తెలుసు?

"అయ్యో, అల్లుడు ఏడుస్తుండు! గింత దానికి ఏడుస్తరా బిడ్డా? షర్బత్ పోతె పోనియ్, మళ్ళ కలుపుకుందం!" అని భుజం మీది తువ్వాలతో మా బావ కళ్ళు తుడిచాడు. మా బావ ఒక్క ముక్క కాదనలేదు. పైగా ఒకసారి వెక్కాడు కూడా. ఎంత మెత్తని మనసో అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. పందిట్లో తలంబ్రాల దాకా ఆ కన్నీళ్ళు ఆగలేదు, ఆ కీర్తీ ఆగలేదు.

సాయంత్రం ఎండ ఉండగానే అప్పగింతలు అయ్యాయి. కారు దగ్గరికి అందరం వచ్చాం గానీ ఎక్కి స్టీరింగు పట్టుకోమంటే నా చేతులు లేవలేదు. బావకు కళ్ళు కనబడవు. మామ ఆకాశం వైపు చూస్తున్నాడు. అప్పుడు పెళ్ళికూతురు తలమీది కొంగు సర్దుకొని, ముందుకు వచ్చి అడిగింది. (బావ ఫోన్లో ఆమెకు మిర్చి కల్లం కథ మొత్తం చెప్పేశాడని అప్పుడే తెలిసింది.)

"మామా, ఇప్పుడు ఎటు తిప్పితె అటే పోతదా?"

"పోతది బిడ్డా. నేను దగ్గరుండి జేయించిన," అన్నాడు మామ, ఛాతీ కాస్త విరుచుకొని.

"అయితె ఇంకేంది? జరుగుర్రి," అని పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకొని డ్రైవరు సీట్లో కూర్చుంది. "వద్దే, ఎవలన్న చూస్తె ఏమంటరు!" అని వాళ్ళమ్మ. "చూడనియ్యే, దానికే గదా గింత ముక్కు పెట్టింది," అని ఈమె. వెనక సీట్లో అత్త దేవుళ్ళందరినీ పిలిచింది. బండి కదిలింది. ఊరి వీధిలో రెండు మలుపులు, ఒక గేదెల మంద, ఒక ఇసుక కుప్ప, అన్నీ దాటుకుంటూ వెన్నలో కత్తి దిగినట్టు పోయింది. పక్కన మా బావ కళ్ళకు తడిగుడ్డ అద్దుకుంటూ, "ఎట్ల పోతుందిరా బండి? మంచిగ పోతుందా?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు. జీవితంలో అతను చేసిన ఒక్కగానొక్క కారు ఊరేగుతుంటే చూడలేకపోయాడు పాపం.

ఆ కారు ఎక్కువ కాలం బతకలేదు. సరైన కాగితాలు లేని బండి. ఒకసారి పోలీసాయన ఆపి, ముక్కు పక్కన నిలబడి ఫోటో దిగి, మళ్ళీ రోడ్డు మీద కనబడితే ఊరుకోనన్నాడు. మామ దాన్ని కోసి ట్రాలీ డోర్లకు అతుకులు వేశాడు. బావ, అక్క ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నారు. ఆమె బడిపిల్లల వ్యాను నడుపుతుంది, ఆయన గేట్లు చేస్తాడు. నేను జనగామలో షట్టర్ల దుకాణం పెట్టుకున్నాను. పద్ధతైన మనిషినని పేరు. కొలతలు రెండుసార్లు తీసుకోనిదే రేకు కోయను. మొన్న ఒక కుర్రాడు వచ్చి, పెళ్ళికి నెమలి ఆకారంలో బండి కావాలి, చేస్తావా అన్నా అని అడిగాడు. ఎందుకు కుదరదో శాంతంగా, వరసగా వివరించి చెప్పాను. ఒక్క మాట తప్పు లేదు. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అదే ప్రశ్న అప్పటి నన్ను అడిగి ఉంటే, రెక్కలు కూడా ఆడాలా అని అడిగేవాణ్ణి.

ఫోను తీసి బావకు చేశాను. "బావా, ఉత్తగనే అడుగుతున్న. నెమలి పింఛం ఇప్పుకోవాలంటె దేంతోని చెయ్యాలె?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత బావ గొంతు, ఎన్నేళ్ళుగానో నేను వినని గొంతు: "ఉండు, తలుపు పెట్టి వస్త. మీ అక్క వింటది."